పచ్చిరాయి, కాలిన రాయి

బట్టీలపాలెం,
గురజాల తాలూకా,
28-9-1983

బాబాయికి,

నమస్కారాలు. "క్షేమం, క్షేమమని తలుస్తాను" అనే ఉత్తరాలు చదవకుండా చించేస్తానని అన్నావు కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాను.

ఈ ఏకోపాధ్యాయ పాఠశాలకు వచ్చి మూడు నెలలైంది. ఊరంటే ఆరు సున్నం బట్టీలు, వాటి చుట్టూ ఇళ్ళు. బడి పైకప్పు మీద, ముందున్న చిక్కుడు పాదుల మీద, నా చీర మీద తెల్లటి పొడి. చాక్‌పీసు ముట్టకుండానే నల్లబల్ల తెల్లబడుతుంది. ఐదో తరగతిలో పదకొండు మంది. మొన్న క్వార్టర్లీ పరీక్షలకు పంచాయతీ సమితి నుంచి బడులన్నింటికీ ఒకే పేపరు వచ్చింది. సైన్సులో మా పదకొండు మందీ ఫెయిల్.

వస్తువులు, మొక్కలు అన్న రెండు పాఠాల దగ్గరే అందరూ పడిపోయారు. "మొక్కకు ఆహారం ఎక్కడ తయారవుతుంది?" అంటే సగంమంది "వేరులో" అన్నారు. ఏసయ్య "పిడుగురాళ్ళ ఎరువుల కొట్లో" అన్నాడు. "వేడి చేసినా మారని వస్తువు ఏది? మైనం, బెల్లం, మంచుగడ్డ, రాయి" అంటే ఒక్కరూ రాయి అనలేదు. మస్తానమ్మ అనే పిల్లయితే జవాబు పత్రంలోనే ఎదురుప్రశ్న వేసింది: "ఏ రాయండీ? పచ్చిదా, కాలిందా?" దిద్దినవారు దానికి మార్కు వెయ్యకపోగా, పక్కన ఎర్రసిరాతో "అధిక ప్రసంగం" అని రాశారు.

మస్తానమ్మ తండ్రి పోలయ్య బట్టీలో రాయి పేర్చే మేస్త్రీ. మార్కులు తెలిసిన రోజు బడి గుమ్మం బయటే నిలబడి, "అమ్మా, పెద్ద పరీచ్చలో పాసయితే గురజాల ఆస్టల్లో ఏత్తా, ఆరు చదువుద్ది. తప్పిందా, మళ్ళీ ఏడాది కూకోబెట్టే ఓపిక నాకు లేదు. వాళ్ళమ్మతో పాటు తట్ట ఎత్తుకుంటది. తర్వాత చెప్పలేదనమాక" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

నువ్వు పాతికేళ్ళుగా సైన్సు చెబుతున్నావు. వీళ్ళకు ఈ రెండు సంగతులూ ఎలా అర్థమయ్యేట్టు చెప్పాలి?

కృష్ణకుమారి


నరసరావుపేట,
3-10-1983

ఏమే కృష్ణా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో పైకి చదివాను. ఇద్దరు మాస్టర్లు లేచి వెళ్ళిపోయారు. మంచిదే.

రాయి మారదని ఎలా చెప్పాలి అని నన్నడుగుతావా? బట్టీ పక్కన పుట్టిన పిల్లకా? ఆ పిల్ల అమ్మా నాన్నా రోజూ చేసే పనే రాయిని మార్చడం! సున్నపురాయిని కాలిస్తే సున్నం అవుతుందని నీ బి.ఎస్సీ. పుస్తకంలో లేదా? ఉంది, నువ్వూ బట్టీయం వేశావు. అది పరీక్ష హాల్లో వదిలేసి వచ్చావు. మస్తానమ్మ వదిలెయ్యలేదు. అంతే తేడా.

అసలు పరీక్ష అంటే ఏమిటి ఈ దేశంలో? పిల్లకు ఏం తెలుసో కనుక్కునే పని ఎప్పుడో మానేశాం. తెలిసినదాన్ని మరిచిపోయిందా లేదా అని చూసి, మరిచిపోతే పై తరగతికి పంపుతున్నాం! పచ్చిదా, కాలిందా అని పిల్ల అడిగింది చూశావా, సైన్సు అక్కడ మొదలవుతుంది. దానికి ఎర్రసిరాతో బుద్ధి చెప్పిన ఆ మహానుభావుడెవరు? పేరు పంపు. పత్రికకు వ్యాసం మొదలుపెట్టాను. "దిద్దేవాణ్ణి దిద్దేదెవరు?" అని శీర్షిక. రెండు పేజీలైంది, పేరు దగ్గర ఖాళీ ఉంచాను.

మొక్క సంగతి. ఆకు వంటిల్లు అని చెప్పు. వేరు నీళ్ళు మోసుకొస్తుంది, గాలి నుంచి ఒక దినుసు వస్తుంది, ఎండ పొయ్యి. ఎరువు ఉప్పులాంటిది. ఉప్పు లేకపోతే కూర బాగుండదు, కానీ ఉప్పే తిని ఎవడూ బతకడు. ఏసయ్యకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పు. చెప్పి ఊరుకోకు, వాళ్ళను ఎదురు అడగనివ్వు. అడిగినవన్నీ నాకు పంపు.

పేరు మరిచిపోవద్దు.

బాబాయి


బట్టీలపాలెం,
20-10-1983

బాబాయికి,

పేరు కృష్ణకుమారి, బి.ఎస్సీ. దిద్దింది నేనే.

పదకొండు పేపర్లూ నా చేత్తోనే దిద్దాను. "దిద్దినవారు" అని నీకు రాసేటప్పుడు పెన్ను కాసేపు ఆగింది, తర్వాత దానంతట అదే ముందుకు పోయింది. కొత్త ఉద్యోగం. పేపరుతోపాటు వచ్చిన జవాబుల 'కీ'కి వ్యతిరేకంగా మార్కులేస్తే మెమో ఇస్తారని భయం. ఆ పిల్ల నన్ను ఎగతాళి చేసిందని కోపం కూడా. వ్యాసంలో ఖాళీ పూరించుకో. పూర్తి పేరు కావాలంటే ఇంటిపేరు నీదే.

నీ ఉత్తరం చదివాక బట్టీ దగ్గరికి వెళ్ళాను. మూడు నెలలుగా దాని పక్కనుంచి ముక్కు మూసుకుని నడిచానే గాని ఎన్నడూ ఆగి చూడలేదు. మస్తానమ్మ తల్లి అంజమ్మ దింపిన రాళ్ళ మీద చెంబుతో నీళ్ళు చల్లుతోంది. కొన్ని ఊరికే తడిశాయి. కొన్ని బుసకొట్టి, పగిలి, పొగలు కక్కుతూ పిండి అయిపోయాయి. "ఇట్టా పొంగింది కాలింది. కదలకుండా కూకుంది పచ్చిది, అది మళ్ళీ బట్టీలోకే. ఇది తెలీకుండా నువ్వేం పంతులమ్మవమ్మా?" అంది. అక్కడున్న ఆడవాళ్ళంతా తట్టలు దించి మరీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకేం చెయ్యను?

ఇక నీ వంటిల్లు. ఏసయ్య లేచి, "పొయ్యి ఉంటే పొగేదండీ?" అన్నాడు. జమీలా, "ఆకు వండేది మొక్క కోసమైతే, మనం గోంగూర తింటే దాని అన్నం గుంజుకున్నట్టేగా?" అంది. అవునన్నాను. ఆ రోజు ఇంట్లో గోంగూర పచ్చడి ముట్టనని మొండికేసిందట. మర్నాడు వాళ్ళమ్మ వచ్చి, "పిల్లకి ఏం నూరిపోశావమ్మా?" అని నన్ను దులిపి వెళ్ళింది.

మస్తానమ్మ మాత్రం రెండు రోజులు చిక్కుడు పాదుల చుట్టూ తిరిగింది. మూడో రోజు చిక్కుడు పాదు దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. "ఆకు మీద ఇంత సున్నం పడిందిగదండీ, ఎండ లోపలికి ఎట్టా పోద్ది? వంటింటికి తలుపేసినట్టేగా?" అయితే కడిగి చూద్దామన్నాను. ఇప్పుడు రెండు పాదుల్లో ఒకదాని ఆకులు రోజూ పొద్దున్నే కడుగుతున్నారు. కడిగిన పాదుకు మొదలు దగ్గర నీళ్ళు ఎక్కువ పడుతున్నాయని జమీలా తగువు పెట్టుకుంటే, రెండోదాని మొదలు దగ్గర కూడా అన్నే చెంబులు పోస్తున్నారు. అది వాళ్ళకు నేను చెప్పింది కాదు.

తిట్టు. సిద్ధంగా ఉన్నాను.

కృష్ణకుమారి


నరసరావుపేట,
28-10-1983

కృష్ణా,

నిన్ను తిట్టడానికి నాలుగు పేజీలు రాశాను. పంపే ముందు మీ పిన్నికి చదివి వినిపించాను. "ఇంతకన్నా కృష్ణ అంజమ్మ దగ్గరే ఎక్కువ నేర్చుకుంది, దండగ, స్టాంపు మిగుల్చుకో" అంది. చించేశాను. వ్యాసం కూడా చించేశాను, ఇంటిపేరు వల్ల కాదు. తప్పు ఒప్పుకున్న మనిషి మీద వ్యాసం రాస్తే అది వట్టి దెబ్బలాట.

అన్నే చెంబులు! ఆ పిల్లలకు నా నమస్కారం చెప్పు. మా పదో తరగతి వాళ్ళకు ఈ మాట తట్టించడానికి నాకు ఒక టర్ము పడుతుంది.

ఒక చిన్న సంగతి. నీ మొదటి ఉత్తరంలో నాలుగు వస్తువులూ ఏ వరుసలో ఉన్నాయో పేపర్లో కూడా అదే వరుసా? మైనం, బెల్లం, మంచుగడ్డ, రాయి? ఆ ప్రశ్న ఏ పుస్తకంలోంచి తీశారో నీకేమైనా తెలుసా? అందులో మంచుగడ్డ బొమ్మ పక్కన పిల్లి ఉందా?

ఊరికే అడుగుతున్నాను.

బాబాయి


బట్టీలపాలెం,
10-1-1984

బాబాయికి,

హాఫియర్లీలు, నా జ్వరం, ఇంటి కప్పు, ఇలా ఆలస్యమైంది.

అదే వరుస. పేపరు తయారుచేసేవాళ్ళు ఏటా ఒక పాత గైడు ముందు పెట్టుకుని అందులోంచి ఎత్తి రాస్తారట. పక్క ఊరి హెడ్‌మాస్టరు అట్ట ఊడిపోయిన కాపీ ఒకటి ఇచ్చారు. పిల్లి ఉంది. మీసాలతో సహా ఉంది. నీకెలా తెలుసు?

కడిగిన చిక్కుడు పందిరెక్కి గుత్తులు గుత్తులుగా కాసింది. కడగనిది మోకాలి ఎత్తులో ఆకులు రాల్చుకుని నిలబడింది. కాయలు పదకొండు మందీ పంచుకున్నారు. "మొక్కకు ఆహారం ఎక్కడ?" అని ఇప్పుడు ఏసయ్యను నిద్రలో లేపి అడిగినా "ఆకులో, సున్నం లేకపోతేనే" అంటాడు.

ఇక నీకు నచ్చని సంగతి. ఏప్రిల్ పేపరూ ఆ గైడులోంచే వస్తుంది. దిద్దేది ఈసారి నేను కాదు, వేరే బడివాళ్ళు, ఇదే 'కీ' పెట్టుకుని. కాబట్టి పిల్లలకు చెప్పేశాను: "పరీక్షలో రాయి మారదనే పెట్టండి. హాలు దాటాక మీ ఇష్టం." పదిమంది తలూపారు. మస్తానమ్మ ఊపలేదు.

"అబద్ధం పెడితే పాసాండీ?" అంది.

"ఆ ఒక్కచోటే."

"మా అమ్మ రోజూ చేసే పని లేదని నేనెట్టా పెడతానండీ? నేను పెట్టను."

బెత్తం ఎత్తాను, బాబాయ్. కొట్టలేదు గాని ఎత్తాను. బయట నిలబెట్టాను. కిటికీలోంచి చూస్తే బట్టీ వైపు తిరిగి నిలబడి ఉంది. ఫెయిలైతే ఆ పిల్ల నిలబడేది అక్కడే.

నువ్వు ఎగురుతావని తెలుసు. ఎగురు. సత్యం, శాస్త్రం, ప్రశ్నించే హక్కు, అన్నీ రాసి పంపు. నీ వ్యాసాలు వచ్చి దాని తట్ట మోస్తాయా?

కృష్ణకుమారి


నరసరావుపేట,
16-1-1984

కృష్ణా,

ఎగరలేదు. కూర్చున్నాను.

ఆ గైడు నేను రాశాను.

ఇరవై నాలుగేళ్ళ కిందటి మాట. ఒక పుస్తకాల కొట్టువాళ్ళు అడిగితే ఎండాకాలం సెలవుల్లో తొమ్మిది రోజుల్లో ముగించి ఇచ్చాను. పేరు వేయించుకోలేదు. అట్ట మీద "అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడు" అని వేశారు. అప్పటికి నా అనుభవం పద్నాలుగు నెలలు. బొమ్మలు మీ పిన్ని గీసింది. మంచుగడ్డ మంచుగడ్డలా రాలేదని, ఖాళీగా ఉంది కదా అని పక్కన పిల్లిని పెట్టింది. ఆ పేజీ మీద నవ్వుకున్నాం గాని, "రాయి" అన్న నాలుగో మాట దగ్గర ఒక్క క్షణం ఆలోచించలేదు. నేను పుట్టింది ఎక్కడ? ఈ పల్నాట్లోనే! మా ఇంటి గోడలకు ఏటా వేసిన సున్నం ఎక్కడిదనుకున్నాను?

అక్టోబరులోనే అనుమానం వచ్చింది. "ఊరికే అడుగుతున్నాను" అని నీకు రాశాను చూడు, నా జన్మలో అంత పిరికి వాక్యం రాయలేదు. ఇన్నేళ్ళూ ఎవరు, ఎవరు అని వీధులన్నీ తిరిగి వెతికిన మనిషి మా ఇంట్లోనే అన్నం తింటున్నాడు. పైగా రెండోసారి వడ్డించమంటున్నాడు.

నా వ్యాసాలు తట్ట మొయ్యవు, నిజమే. అందుకే వ్యాసం రాయడం లేదు. రేపు సెలవు పెట్టి మీ బడుల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు దగ్గరికి గైడు పట్టుకుని పోతున్నాను. "ఈ ప్రశ్న తప్పు, తప్పు చేసినవాణ్ణి నేను" అని సంతకం పెట్టి ఇస్తాను. నమ్మకపోతే బడికి వచ్చి కళ్ళతో చూడమంటాను. వచ్చేదాకా గుమ్మం దిగను.

ఒక్కటే అడుగుతున్నాను, ఆజ్ఞ కాదు, అడుగుతున్నాను. మస్తానమ్మ చేత నా అబద్ధం పెట్టించకు.

బాబాయి


బట్టీలపాలెం,
8-2-1984

బాబాయికి,

డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు నిన్న వచ్చారు. జీపు దిగుతూనే, "మీ బాబాయిగారు నా ఆఫీసులో గంటన్నర మాట్లాడారమ్మా. మళ్ళీ వస్తానన్నారు. ఆ గండం తప్పించుకోవడానికే ఇట్లా వచ్చాను" అన్నారు. బడి ముందు సగం ఊరు చేరింది. పోలయ్య పనిలోంచి అలాగే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

నేను పొద్దున్నే బట్టీ దగ్గరినుంచి మంచి రాయి చూసి తెచ్చి పెట్టుకున్నాను. తెల్లగా, గుండ్రంగా, ఫోటో తీయదగ్గ రాయి. ఇనుప బేసినులో పెట్టి, "చూడండి సార్" అని చెంబెడు నీళ్ళు పోశాను. 

రాయి తడిసింది. అంతే.

ఇంకో చెంబు పోశాను. రెండు బుడగలొచ్చాయి. నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి గాని రాయిలోంచి రాలేదు. ఇన్‌స్పెక్టరుగారు పాపం నవ్వలేదు. "రాయి మారలేదు కదమ్మా" అన్నారు మెల్లగా. పోలయ్య తలదించుకున్నాడు.

అప్పుడు మస్తానమ్మ ముందుకొచ్చింది. "అది పచ్చిదండీ! టీచరుగారు బరువు చూడకుండా తెచ్చారు" అంది. పరుగెత్తి పోయి, బట్టీ దగ్గర రాళ్ళను ఒక్కోటీ ఎత్తి చూసి పడేస్తూ, మసిపట్టిన మొద్దు రాయి ఒకటి ఒడిలో పెట్టుకుని వచ్చింది. దాన్ని ఇన్‌స్పెక్టరుగారి కుడిచేతిలో పెట్టి, నా అందమైన రాయి తుడిచి ఎడమచేతిలో పెట్టింది. "రెండూ ఒకటే సైజుగదండీ. ఏది తేలిక?"

ఆయన తక్కెడలా ఊగి, "కుడిచేతిది" అన్నారు.

"కాలింది తేలిగ్గా ఉంటదండీ. మీరు ఎనక్కి జరగండి. ఇంకా జరగండి సారూ, కళ్ళల్లో పడుద్ది!"

డిప్యూటీ ఇన్‌స్పెక్టరు పదేళ్ళ పిల్ల మాటకు గోడ దాకా జరిగారు, బాబాయ్. పిల్లలు అప్పటికే అలవాటుగా దూరం పోయారు. అంజమ్మ పొడుగు గరిటెతో నీళ్ళు వంచింది. ఒక్క నిమిషం ఏమీ లేదు. తర్వాత బుస్సుమంది. రాయి నెర్రెలిచ్చింది, పువ్వులా విచ్చింది, బేసిను నిండా ఉడుకుతూ పొంగింది. నిప్పు లేదు, పుల్ల లేదు. ఏసయ్య ఎక్కణ్ణుంచి తెచ్చాడో, తీగ గరిటెలో కోడిగుడ్డు పెట్టి అంజమ్మకిచ్చాడు. కాసేపటికి అది గట్టిగా ఉడికింది. కడిగి ఒలిచి వాడే తినేశాడు, సారుకు చూపించను కూడా లేదు.

ఇన్‌స్పెక్టరుగారు ఒక్కటే ప్రశ్న వేశారు. "రాయి తేలికయిందన్నావు. ఆ తగ్గిన బరువు ఎక్కడికి పోయింది?"

నాకు తెలుసు, నోటి దాకా వచ్చింది. మింగేశాను. మస్తానమ్మ తండ్రి వైపు చూసింది. తర్వాత బట్టీ పైకి చూసింది. "గాల్లోకి పోయి ఉంటదండీ. కాలేటప్పుడు పైన నిలబడితే తల తిరుగుద్దని మా నాయన మమ్మల్ని ఎక్కనీడు. రాయిలోది ఏదో బయటికి వత్తేనే గదా తల తిరిగేది?"

ఆయన కుర్చీ అడగకుండా పిల్లల బెంచీ మీద కూర్చుండిపోయారు. ప్రశ్న మారుస్తామన్నారు. ఏ జవాబయినా పిల్ల చెప్పిన కారణం సరిపోతే మార్కు వెయ్యాలని అన్ని బడులకూ కాగితం పంపుతామన్నారు. బడి పుస్తకంలో ఆ మాటే రాసి సంతకం పెట్టారు.

పోలయ్య అప్పుడు గొంతు విప్పాడు. "సారూ, ఇయ్యన్నీ ఇరవై ఏళ్ళ నుంచి నాకూ తెలుసు. నాకేమన్నా మార్కులు వేత్తారా?"

ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో నేను చూడలేదు. నేను ఏడుస్తున్నాను.

కృష్ణకుమారి


బట్టీలపాలెం,
2-5-1984

బాబాయికి,

పదిమంది పాస్. మస్తానమ్మకు సైన్సులో ఎనభై ఒకటి. దిద్దింది ఎవరో నాకు తెలియదు, ఈసారి నిజంగానే తెలియదు. తప్పిందల్లా ఏసయ్య, అదీ లెక్కల్లో. వాడికేం బాధ లేదు, "ఇంకో ఏడాది మీతోనే ఉంటా టీచరుగారూ" అన్నాడు.

పోలయ్య వచ్చాడు. ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. "ఆస్టల్‌కి రేకు పెట్టె కావాలంటగా, యాడ దొరుకుద్దమ్మా?" అని అడిగాడు. నేను చెప్పేలోగా అంజమ్మ బయటినుంచి, "ముందు తాళం కప్ప కొను, ఆడ పిల్లకాయలు పెట్టెలు తీత్తారంట" అని కేకేసింది. ఇద్దరూ పెట్టె రంగు గురించి పోట్లాడుకుంటూ వెళ్ళారు.

కృష్ణకుమారి


బాలికల హాస్టలు,
గురజాల,
19-7-1984

గౌరవనీయులైన హనుమంతరావు మాస్టారుగారికి,

మస్తానమ్మ నమస్కరించి రాయునది. నేను ఆరో తరగతిలో చేరాను. ఇక్కడ అన్నం పర్లేదు, చారు బాగుండదు. మా టీచరుగారు వాళ్ళ బాబాయిగారని చెప్పి, మీ అడ్రసు ఇచ్చి ఏదైనా అడగాలంటే మిమ్మల్ని అడగమన్నారు.

హాస్టలు వెనక చింతచెట్టు ఉంది. పొద్దు గూకంగానే ఆకులన్నీ ముడుచుకుంటాయి. పొద్దు గూకిందని దానికి ఎట్లా తెలుస్తది? చీకటి పడినందుకా, లేకపోతే టైమయినందుకా? వార్డెనమ్మగారిని అడిగితే అన్నం తిని పడుకోమన్నారు.

నేను ఆలోచించాను. చీకటి వల్లనో టైము వల్లనో తెలియాలంటే పట్టపగలు చీకటి పడాలి. నాలుగేళ్ళ కింద పెద్ద గ్రహణం రోజు అట్లానే మసక పడింది గదండీ. అప్పుడు మమ్మల్ని ఇంట్లో పెట్టి తలుపేశారు. నాకు ఏమీ కనపడలేదు. మీరు మాత్రం రోడ్డు మీద నిలబడి, భయం లేదు బయటికి రండి అని అందరినీ పిలిచారని టీచరుగారు చెప్పారు.

ఆ పూట చింతాకు ముడుచుకుందా? చూసింది మీరే కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను.

ఇట్లు,
పి. మస్తానమ్మ, ఆరో తరగతి


నరసరావుపేట,
23-7-1984

అమ్మా మస్తానమ్మా,

ఆ రోజు నేను స్టేషన్ రోడ్డులో రెండు గంటలు నిలబడ్డాను. సరిగ్గా నా వెనకే చింతచెట్టు ఉంది. తలుపులు వేసుకున్న జనం మీద అరుస్తూనే ఉన్నాను గాని, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి దాన్ని చూడలేదు.

నాకు తెలియదు.

మళ్ళీ గ్రహణం వచ్చిన రోజు నువ్వు చెట్టును చూడు. నేను నోరు మూసుకుని నీ పక్కన నిలబడతాను.

హనుమంతరావు